ఎల్లక్క ఉగ్గు

“డబ్బా తిండి తిన్న పోరలు డబ్బాల లెక్కనే మోగుతరు. లోపట ఏముండదు.”

మా అత్తమ్మ ఎల్లక్క ఈ మాట అనేది పొయ్యి ముందు నిలబడి కాదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, పక్క క్వార్టర్ వాళ్లకు వినపడేలా అంటుంది. పొయ్యి ముందు ఉండేది నేను. ఆదివారం మా ఇంట్లో ఉగ్గు చేసే రోజు. బియ్యం, పెసరపప్పు, గోధుమలు, రాగులు శనివారం సాయంత్రమే కడిగి ఇంట్లో పాత చీర మీద ఆరబోస్తాను. ఆరుబయట పోస్తే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని దుమ్ము పడుతుంది. మా నస్పూర్‌లో తీగ మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు, ఇక పసిపిల్ల తినే బియ్యం సంగతి చెప్పాలా? పొద్దున లేచి ఒక్కొక్కటి విడిగా, సన్నని సెగ మీద వేయించాలి. చివర్లో పుట్నాలు, కాస్త జీలకర్ర, చిటికెడు ఓమ. గిర్నీకి పంపితే పావుగంటలో తేలిపోయే పనే. కానీ మనకంటే ముందు ఎవరో మిరపకాయలు పట్టించి ఉంటారు, ఆ ఘాటు పొడికి తగులుతుందని అత్తమ్మ ఒప్పుకోదు. అందులో ఆమెది తప్పని నేను అనను. కాబట్టి మిక్సీ. అది వేడెక్కితే ఆపాలి, చల్లారాక మళ్లీ తిప్పాలి, పలుచటి గుడ్డలో జల్లించాలి, మిగిలిన రవ్వను మళ్లీ వేయాలి. మూడు గంటల పని. డబ్బాకెత్తి అలమారలో పెట్టాక దాని పేరు ఎల్లక్క ఉగ్గు.

“గీ క్వార్టర్ల లైన్ల సగం మంది పిల్లలు నా ఉగ్గు తాగి పెరిగినోళ్లే” అంటుంది అత్తమ్మ. పాళ్లు ఆమెవే, కాదనను. నా భర్త సంపత్ ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడుపుతాడు. దోస్తులతో ఫోన్‌లో మాట్లాడుతూ “మా ఇంట్ల డబ్బాలు గిబ్బాలు లెవ్వురా, మా అవ్వ ఉగ్గే” అంటూ వంటింట్లోంచి మంచినీళ్లు తాగి పోతాడు. అప్పుడు నా జుట్టంతా పిండే. మొదట్లో నాకు నవ్వొచ్చేది. మా పాప స్నిగ్ధకు ఎనిమిదో నెల వచ్చేసరికి ఆ నవ్వు రావడం మానేసింది.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఏం పెట్టాలి, ఎంత చిక్కగా పెట్టాలి, రోజుకు ఎన్నిసార్లు పెట్టాలి అని ఎనిమిదేళ్లుగా బొమ్మల అట్టలు పట్టుకుని ఊరందరికీ చెబుతున్నాను. గరిటె వంచితే జారకుండా నిలవాలి, అప్పుడే అది తిండి, జారిపోతే అది నీళ్లు అని గరిటె వంచి చూపించి మరీ చెబుతాను. తల్లులు తలలూపుతారు. అదే మాట ఇంట్లో అంటే అత్తమ్మ “నీ సెంటర్ ముచ్చట్లు సెంటర్ల పెట్టుకో” అంటుంది. ప్రసూతి సెలవు అయిపోయి డ్యూటీలో చేరేరోజు పాపను నాతో తీసుకెళ్తానన్నాను. ఇద్దరూ ఒక్కటయ్యారు. “డంపర్ ఆపరేటర్ బిడ్డ పోయి గుడిసెల పిల్లలల్ల చాప మీద కూసుంటదా?” అని ఆమె, “నలుగురేమంటరే” అని ఈయన. నేనూ మరీ పట్టుబట్టలేదు. తీసుకెళ్తే పిల్లతో పాటు ఆ పూట వాళ్లు చేయాల్సిన పని కూడా నా సంకకే ఎక్కుతుంది. పాప ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున ఒకసారి, నేను రాగానే ఒకసారి, పడుకునేముందు ఒకసారి నా పాలు. మధ్యలో ఎల్లక్క ఉగ్గు.

నెలకోసారి సెంటర్‌లో బరువులు తూచే రోజు పాపను కూడా తెప్పించి తూస్తాను. బరువు కార్డు మీద మూడు పట్టీలుంటాయి. ఆకుపచ్చలో చుక్క పడితే బిడ్డ బాగున్నట్టు, పసుపులో పడితే చిక్కుతున్నట్టు, ఎరుపులో పడితే దవాఖానకు పరుగెత్తాల్సినట్టు. ఆరో నెలలో స్నిగ్ధ ఏడు కిలోలు. ఏడో నెలలో ఆరు కిలోల తొమ్మిది వందలు. పళ్లొస్తున్నాయేమో అనుకున్నాను. ఎనిమిదో నెలలో ఆరు కిలోల ఏడు వందలు. ఇంకా ఆకుపచ్చలోనే ఉంది గానీ చుక్క కిందికి దిగుతోంది. పైకి పోవాల్సిన గీత కిందికి దిగితే దాని అర్థం ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

సాయంత్రం ఇంట్లో చెప్పాను. ఉగ్గు ఆ క్షణంలో పేరు మార్చుకుంది. “నువ్వు పప్పు సరిగ వేయించలే. నీ చెయ్యి అంత తొందర తొందర” అంది అత్తమ్మ. అంతవరకు ఎల్లక్క ఉగ్గు, ఆ సాయంత్రం నుంచి నా పేరు మీద స్వరూప ఉగ్గు. రిటైరై ఇంట్లో ఉంటున్న మామ పేపరు దించకుండానే “తల్లి పాలు పల్సవడ్డయేమో” అన్నాడు. సంపత్ మాత్రం “ఎవ్వలు పరేషాన్ కాకుండ్రి, నేను చూసుకుంట” అని బండి తీశాడు. మంచిర్యాలకు పోయి పెద్ద డబ్బా తెచ్చాడు. మీద బుగ్గలు ఊరిన తెల్లటి పిల్లవాడి బొమ్మ. టేబుల్ మీద పెట్టి, నా దిక్కు చూసి, సమస్య తీరిపోయినట్టు చేతులు దులుపుకున్నాడు.

ఇక మూడు రోజులు అదే పంచాయితీ. డబ్బాలో ఏముంటుందో ఎవలకెరుక అని అత్తమ్మ. అందులో విటమిన్లు రాసి ఉన్నాయని కొడుకు. చక్కెర ఎక్కువని మామ. మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా అని మళ్లీ అత్తమ్మ. ఆడబిడ్డకు వీడియో కాల్ చేసి ఆమె అభిప్రాయం కూడా అడిగారు. నేను గిన్నెలు కడుగుతూ వింటున్నాను. ఇంతమంది పెద్దమనుషులు నా బిడ్డ కడుపు గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుతుంటే సంతోషించాలి నిజానికి. కానీ వింటున్నకొద్దీ నాకొక సంగతి అర్థమైంది. ఏం పెట్టాలో అందరూ మాట్లాడుతున్నారు. ఎవరు పెట్టాలో ఒక్కరూ మాట్లాడటం లేదు. చివరికి రాజీ కుదిరింది. పొద్దున ఉగ్గు, మధ్యాహ్నం డబ్బా. అంటే ఆదివారం మిక్సీ పని ఎక్కడికీ పోలేదు, దానికి తోడు రోజూ నీళ్లు మరగబెట్టి ఫ్లాస్కులో పోయడం, చెంచాలు ఉడకబెట్టడం, కొలత గరిటె ఆరబెట్టడం వచ్చి చేరాయి. డబ్బా తెచ్చిన మనిషి మూత కూడా తియ్యలేదు.

అలా పదిహేను రోజులు గడిచాయి. పాప బుగ్గలు నిండలేదు. ఎత్తుకుంటే భుజం మీద తేలిగ్గా ఉండేది. ఆ తేలిక నాకు భయం పుట్టించింది.

ఒక బుధవారం, సెంటర్‌లో పంచే గుడ్ల లెక్క రాసే రిజిస్టర్ ఇంట్లో మర్చిపోయాను. పిల్లల్ని ఆయా జమునకు అప్పగించి పన్నెండున్నరకు ఇంటికి వచ్చాను. తలుపు తీసే ఉంది. అత్తమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని, స్నిగ్ధను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, వెండి ఉగ్గుగిన్నెతో పోస్తోంది. మెట్‌పల్లిలోని పుట్టింటి నుంచి మా అవ్వ, బాపు ఇరవై ఒకటో రోజున ముచ్చటపడి తెచ్చిన గిన్నె అది. గొట్టంలాంటి దాని సన్నటి ముక్కు పాప నోట్లో ఉంది. గుటగుట చప్పుడు. నాలుగు నిమిషాల్లో గిన్నె ఖాళీ. పాప పొట్ట డప్పులా ఉబ్బింది, కళ్లు మూతలు పడ్డాయి. పక్కనే గ్లాసులో ఇంకాస్త కలిపి పెట్టి ఉంది. చూస్తే, సంపత్ తెచ్చిన డబ్బా పొడే, ఒక చెంచా పొడికి గ్లాసెడు నీళ్లు. గ్లాసు వంచితే అడుగు కనిపిస్తోంది.

“అత్తమ్మా, గింత పల్సగ కలిపినవేంది? ఇది నీళ్లే గదా.”

ఆమె ఉలిక్కిపడింది. “చిక్కగ కలిపితె ముక్కుల కెల్లి దిగదు” అంది.

“ఉగ్గు గూడ గిట్లనే పోస్తున్నవా?”

“మరెట్ల పోస్తరు?”

నేను సన్నని సెగ మీద వేయించిన పప్పు, గుడ్డలో జల్లించిన పొడి, మంచిర్యాల నుంచి బండి మీద వచ్చిన విటమిన్లు, అన్నీ ఆ సన్నటి ముక్కు ముందు ఆగిపోయాయి. లోపలికి పోయినవి నీళ్లు. మూడు రోజుల పంచాయితీలో ఎవరూ గిన్నె వైపు చూడలేదు. అందరికంటే పెద్ద సిగ్గు నాది. గరిటె వంచి ఊరందరికీ చూపించే టీచరమ్మను, నా బిడ్డ నోట్లో పడేదాన్ని చూడలేకపోయాను.

“చెంచతోని పెట్టాలె అత్తమ్మా” అన్నాను. గొంతు నాకే కటువుగా వినిపించింది.

“చెంచతోని పెడితె ముప్పావుగంట. ఉమ్ముతది, మొకం తిప్పుతది, పాట పాడాలె, ఎత్తుకొని బయట తిప్పాలె. నా మోకాళ్లు చూసినవా?” అంది ఆమె. తర్వాత ఏమనుకుందో, పాప మూతి కొంగుతో తుడుస్తూ గొంతు తగ్గించింది. “నేను గట్లనే సాదిన స్వరూపా. మీ మామది మూడు షిఫ్టులు. నల్లా కాడ లైన్ల నిలవడాలె, బొగ్గు పొయ్యి ముట్టియ్యాలె, టిఫిన్ కట్టాలె, ఆయన పండుకుంటె పిల్లలు ఏడ్వకుంట చూడాలె. చెంచ పట్టుకొని కూసునేటందుకు నాకు ఎవలు టైం ఇచ్చిండ్రు? గీ ముక్కుతోనే పోసిన. నలుగురు బతికిండ్రు.”

ఆమె కన్నది ఐదుగురిని. మధ్యలో పోయిన ఆ పిల్ల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేను వచ్చిన ఇన్నేళ్లలో అత్తమ్మ దానికి ఇంత దగ్గరగా వచ్చి ఆగడం అదే మొదలు. నా కోపం ఆమె మీద నిలవలేదు. నిలవకపోతే పోయిందా అంటే పోలేదు, లోపలి గదిలోకి నడిచింది.

లోపలి గదిలో సంపత్ ఉన్నాడు. ఆ వారం సెకండ్ షిఫ్టు, మూడింటికి డ్యూటీ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోన్, ఫ్యాను కింద పడుకుని ఏదో చూసి నవ్వుతున్నాడు. ఒక చెవిది లాగేశాను.

“నువ్వు ఇంట్లనే ఉన్నవు గదా?”

“ఉన్న. ఏమైంది?”

“బిడ్డకు ఎట్ల పెడుతుండ్రో ఒక్కనాడన్న లేచి చూసినవా?”

“అవ్వ పెడుతుంది గదా.”

“అవ్వతోని అయితలేదు. రేపటి సంది మధ్యాహ్నం నువ్వు పెట్టు.”

అతను నవ్వాడు. “నాకు గవ్వి రావే.”

“డంపర్ నీకు పుట్టంగనే వచ్చిందా?”

“దానికి ట్రైనింగ్ ఇచ్చిండ్రు.”

“దీనికి నేనిస్త.”

అతను లేచి కూర్చున్నాడు. మొహంలో నవ్వు పోయింది. “జర నా మాట విను స్వరూపా. అంత ఫికరుంటె నౌకరి బంద్ చెయ్. నీ జీతం మీద నడుస్తుందా ఇల్లు? బిడ్డను చూసుకో, సాలు” అన్నాడు. అని, నేను లాగిన ఇయర్‌ఫోన్ మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు.

రిజిస్టర్ తీసుకుని ఎండలో సెంటర్‌కి నడిచాను. దారి పొడుగునా ఆ ఒక్క మాట. నౌకరి బంద్ చెయ్. ఎంత సులువుగా అన్నాడు, ఫ్యాను బంద్ చెయ్ అన్నంత సులువుగా. ఈ ఉద్యోగానికి ముందు నేను సంపత్ భార్యను, ఎల్లక్క కోడలిని. సెంటర్‌లో అడుగుపెట్టాక టీచరమ్మను. ముప్పై మంది పిల్లలు నన్ను చూసి లేచి నిలబడతారు. గర్భిణి ఆడవాళ్లు అత్తలకు చెప్పుకోలేనివి నాకు చెబుతారు. జీతం చిన్నదే కావచ్చు, నేను చిన్నదాన్ని కాదు. అయినా నా బిడ్డ పసుపులోకి జారితే, ఉద్యోగం వల్లే జారిందని ఈ ఇల్లు జీవితాంతం అంటుంది. ఉద్యోగం మానేస్తే, బిడ్డ కోలుకున్నాక కూడా నేను ఇక బయటికి రాలేను. పాప బరువు, నా ఉద్యోగం, రెండింటినీ ఒకే త్రాసులో ఎదురెదురుగా పెట్టేశాడు మనిషి. ఎందుకు పెట్టాలి? అతని ఉద్యోగాన్ని ఏ త్రాసులోనూ ఎవరూ పెట్టలేదే. నేను ఆ లెక్కే ఒప్పుకోదలచుకోలేదు.

ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్న పూటల్లో చెంచాతో నేనే పెట్టాను, లేని పూట మాత్రం ఆ ముక్కు గిన్నే. ఐదు రోజుల తర్వాత, సోమవారం, బరువులు తూచే రోజు వచ్చింది. సంపత్‌కు అదే షిఫ్టు ఇంకో వారం పొడిగించారు. పాపను బండి మీద తీసుకురమ్మన్నాను. అత్తమ్మ కూడా వెనక కూర్చుని వచ్చింది. మా లైన్ల ఆడవాళ్లు, ఇటుకబట్టీ వైపు గుడిసెల ఆడవాళ్లు, అందరూ చాపల మీద కూర్చున్నారు. జమున పేర్లు పిలుస్తోంది, నేను తూస్తున్నాను. స్నిగ్ధ వంతు వచ్చింది. త్రాసుకు వేలాడే గుడ్డ ఉయ్యాలలో కూర్చోబెట్టాను. ముల్లు ఊగి నిలబడింది.

సంపత్ నా పక్కకొచ్చి చూశాడు. చెవి దగ్గర అన్నాడు: “ఏడు రాయి. నీ చేతుల పనే గదా. అందరు చూస్తుండ్రు.”

నిజం చెప్పాలంటే, రెండు క్షణాలు నాకూ అలా రాయాలనిపించింది. టీచరమ్మ బిడ్డ చిక్కిపోయిందంటే రేపటి నుంచి నా మాట ఎవరు వింటారు? ఒక్క అంకె మారిస్తే ఎవరికీ నష్టం లేదు, ఆ ఉయ్యాలలో కూర్చుని నన్ను చూసి చేతులు చాస్తున్న దానికి తప్ప.

“ఆరు కిలోల నాలుగు వందలు” అన్నాను, చివరి చాప దాకా వినపడేలా. జమున చెయ్యి ఆగింది. “రాయి జమునా” అన్నాను. కార్డు తీసుకుని పసుపు పట్టీలో చుక్క నేనే పెట్టాను.

పాపను దించి ఎత్తుకున్నాను. ఒకదాన్లో ఇంటి ఉగ్గు, ఇంకోదాన్లో కొన్న పొడి పోసి తెచ్చుకున్న రెండు చిన్న డబ్బాలు సంచిలోంచి తీసి జమునకిచ్చాను.

“ఏది కలపాలె టీచరమ్మా? ఇంట్ల చేసిందా, కొన్నదా?”

“ఏదన్న కలుపు. చిక్కగ కలుపు.”

ఆమె ఉగ్గు కలిపి, వేడి చల్లార్చి, నెయ్యి చుక్క వేసి తెచ్చింది. గరిటె వంచి చూశాను, నిలిచింది. గిన్నె, చెంచా సంపత్ చేతిలో పెట్టాను. పాపను అతని ఒళ్లో కూర్చోబెట్టాను.

“కూసో. తినిపియ్యి.”

“ఇంతమందిలనా?” అన్నాడు పళ్లు బిగబట్టి.

“ఇంతమంది చూస్తుండ్రనే గదా ఏడు రాయమన్నవు. ఇప్పుడు గూడ చూడనియ్యి.”

కాదని లేచి పోతాడేమో అనుకున్నాను. పోలేదు, ఒళ్లో బిడ్డ ఉంది. పిల్లలు కూర్చునే చాప మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. మొదటి చెంచా పాప ఉమ్మేసింది. చొక్కా మీద పడింది. కొంగుల వెనక నవ్వులు. రెండోది మొహం తిప్పుకుంది. మూడోది సగం లోపల, సగం గడ్డం మీద. వంద టన్నుల బండిని గుట్ట ఎక్కించే చెయ్యి, చెంచాడు ఉగ్గు దగ్గర తడబడింది. అతను తల ఎత్తి తల్లి వైపు చూశాడు.

అత్తమ్మ మోకాళ్లు రుద్దుకుంది. తర్వాత అంది: “నా దిక్కు చూడకు కొడుకా. నా మోకాళ్లు నొస్తున్నయ్. ఆ వేలితోని కింది పెదవి మీద జర తట్టు, నోరు తెరుస్తది.”

తట్టాడు. తెరిచింది. ముద్ద లోపలికి పోయింది.

“ఇంక ఎంతసేపు?” అన్నాడు కాసేపటికి.

“అది సాలనేదాక. నీ డ్యూటీ మూడింటికి గదా, ఇంక పదకొండు గూడ కాలే” అన్నాను. “సెకండ్ షిఫ్టు ఉన్నప్పుడు మధ్యాహ్నం ముద్ద నీది. తక్కిన వారాలు సాయంత్రానిది నీది. ఎవలు చేసిన ఉగ్గైనా, ఎవలు కొన్న డబ్బా అయినా, నువ్వు కూసొని పెట్టాలె. నేను నౌకరి బంద్ చెయ్య.”

ఈ మాటలు నేను గుసగుసగా అనలేదు. అతను చెంచా ఆపలేదు.

ఇటుకబట్టీ వైపు నుంచి వచ్చిన రాజేశ్వరి కొడుకును సంకనేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. “టీచరమ్మా, వచ్చే నెల మావాన్ని వాళ్ల బాపుతోని పంపాల్నా?” అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

“పంపు” అన్నాను.

ఆమె పోయాక నా నోటుబుక్కు తీశాను. ఇది సర్కారుది కాదు, నా సొంతం. బరువు తగ్గిన ప్రతి బిడ్డ పేరు రాసి, ఇంటికి పోయి చూసొచ్చి, పక్కన కారణం ఒక్క ముక్కలో రాసుకుంటాను. రాజేశ్వరి కొడుకు పేరు కోసం పేజీలు తిప్పాను. తల్లికి అవగాహన లేదు. తల్లి అశ్రద్ధ. తల్లికి అవగాహన లేదు. తల్లి సమయానికి పెట్టడం లేదు. పేజీకి పది పేర్లు, పది మంది తల్లులు. అన్నీ నా దస్తూరీయే. చూసొద్దామని ఇంటికి పోయిన రోజు రాజేశ్వరి నాతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. “తెల్వక కాదు టీచరమ్మా, బట్టీ కాడికి పోయొచ్చి వండేసరికి, కూసొని పెట్టేటందుకు టైం దొరకదు.” ఆమె మొగుడు అప్పుడు గుడిసె ముందే కూర్చుని ఉన్నాడు. నేను విన్నాను, చూశాను, తలూపాను, సెంటర్‌కి వచ్చి ‘తల్లికి అవగాహన లేదు’ అని రాశాను. మా అత్తమ్మ నాతో చేసిందే నేను వాళ్లందరితో చేశాను, అదీ అందమైన అక్షరాలతో.

పెన్ను తీసి ఆ వాక్యాన్ని కొట్టేశాను. పై వరుసది కొట్టేశాను. ఆ పేజీ అంతా కొట్టేశాను. తర్వాత కొత్త పేజీలో రాశాను: స్నిగ్ధ, తొమ్మిది నెలలు, ఆరు కిలోల నాలుగు వందలు. కారణం దగ్గర ఆలోచించాల్సిన పని లేకపోయింది. ‘తండ్రికి అవగాహన లేదు. నేర్పిస్తున్నాం.’

ఎనిమిదేళ్లుగా రాస్తున్న ఆ నోటుబుక్కులో తండ్రి అన్న మాట రాయడం అదే మొదటిసారి.